గుర్రం లేని దొరకు సుభద్రక్క గొంతు

ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళు లక్షల్లో ఉంటారంటారు. వాళ్ళందరిలో ఈల వేయడం వచ్చిన ఆడమనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడే సుభద్రక్క. నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఆవిడ ఈల వేసిందంటే ద్వారకలో లేచిన పావురాలు గుర్‌గావ్ దాకా వెళ్ళి గాని వాలవు. ఒకసారి మెట్రో స్టేషన్లో కూతుర్ని పిలవడానికి ఈల వేస్తే, కదిలిన బండిని డ్రైవరు ఆపి తలుపులు తెరిచాడు. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ తలుపులోంచి ఎక్కి కూర్చున్నవాణ్ణి నేనే.

నేనెవరినంటారా? పేరు సాయిప్రకాష్, ఊరు కోదాడ. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, ఇంట్లో కోచింగని చెప్పి ఢిల్లీ ఐఐటీ పక్కనున్న జియా సరాయ్‌కి వచ్చాను. కోచింగునూ మధ్యలోనే వదిలేశాను. మధ్యలో వదిలేసే పోటీ ఎవరైనా పెడితే ఆ కప్పు నాదే, కాకపోతే ఆ పోటీ కూడా పూర్తయ్యేదాకా ఉండను. ఐఐటీ గోడకు ఇవతల ఎన్నో ఏళ్ళు పడుకున్నాను గనుక, గోడ దూకి వచ్చిన జ్ఞానంతోనే స్పీకర్లు, ప్రొజెక్టర్లు నడపడం వచ్చేసింది. ఇప్పుడు ఈ ప్రాంతంలో తెలుగువాళ్ళ సీమంతమైనా, ఉగాది కవి సమ్మేళనమైనా మైకు నాదే. కవులకు మాత్రం కాస్త పొట్టి వైరు ఇస్తాను. దూరం పోకుండా ఉంటారని.

ఇంక అక్క సంగతి. ఆవిడది తణుకు. ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఉద్యోగం కొత్తలో సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండేది, ఇప్పుడు ద్వారకలో సొంత ఫ్లాటు. ఆఫీసులో చూస్తే మీరు ఆవిడను గుర్తుపట్టలేరు. గంజి పెట్టిన చీర, మెడలో గుర్తింపు కార్డు, ఫైలు పైకి పంపమనే "ఫైల్ పుటప్ కీజియే" తప్ప మరో మాట ఉండదు. భర్త చిట్టిబాబు గారు బ్యాంకు ఉద్యోగి. ఆయన గొంతు ఎలా ఉంటుందో పక్క ఫ్లాటు వాళ్ళకు కూడా తెలియదు. కూరలో ఉప్పు తగ్గితే ఆయన చెప్పరు, ఉప్పు డబ్బా వైపు ఓసారి చూస్తారు. ఒక్కతే కూతురు, ఇషిత. కాలేజీ చదువుతోంది. తల్లి తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తుంది.

అక్క చిన్నప్పుడు ఆవిడ మేనమామకు తణుకులో ఒక సినిమా హాలు ముందు సైకిల్ స్టాండు ఉండేది. ఆ పలుకుబడితో ఈవిడ ఏ ఆటకైనా దర్జాగా లోపలికి వెళ్ళేది. అలా చూసిన సినిమాల్లో ఆవిడ ప్రాణం పెట్టుకున్నది ఒక్కటే: 'గుర్రం లేని దొర'.

తెలుగులో తీసిన కౌబాయ్ సినిమా అది. గుర్రాన్ని అద్దెకు తెచ్చి మొదటి పాట తీశారట. ఆ తర్వాత గుర్రం యజమానితో మాటా మాటా వచ్చింది. అతను గుర్రాన్ని తోలుకొని వెళ్ళిపోయాడు. నిర్మాత ఏం చేస్తాడు? కథే మార్చేశాడు. కొరడా కోటప్ప అనే గజదొంగ దొర గుర్రాన్ని ఎత్తుకుపోయాడని, దాన్ని వెతుక్కుంటూ దొర సినిమా మొత్తం నడుస్తాడని. టోపీ, తుపాకీ, బూట్లు అన్నీ ఉన్నాయి, నడక మాత్రం తప్పదు. గోదావరి ఇసుక తిన్నెల్లోనే ఎడారి తీశారు. వెనక దూరంగా ఒక పడవ కూడా కనిపిస్తుంది. అన్ని ఊళ్ళలోనూ వారానికే ఎత్తేశారు. తణుకులో మాత్రం జనం వదల్లేదు. మొదట వెక్కిరించడానికి వెళ్ళారు, పోనుపోను వెక్కిరించడం మరిచిపోయి వెళ్ళారు.

నడిచి వచ్చేవాడు గనుక దొర ఎక్కడికి వెళ్ళినా ఆలస్యమే. ఆఖరి పోరాటానికి కూడా ఆలస్యంగానే వస్తాడు. అప్పటికే కోటప్పను ఒకరు పట్టి కట్టేసి ఉంటారు. ఎవరు? కోటప్ప ముఠాకు వంట చేసే బసవమ్మ. సినిమా మొత్తంలో ఆమె కనిపించేది నాలుగు సీన్లు. పోస్టరు మీద లేదు. పేర్లు పడేటప్పుడు 'తదితరులు'లో కలిసిపోయింది.

"దొర హీరో ఏంట్రా? నడిచొచ్చాడు, అంతే," అనేది అక్క. "బసవమ్మే లేకపోతే ఇప్పటికీ నడుస్తానే ఉండేవోడు."

ఆ హాల్లో ఒక పద్ధతి ఉండేదట. ఒక్కో పాత్ర ఒక్కో మూలది. సైకిల్ స్టాండువాళ్ళు కూర్చునే మూల కోటప్పది. కుర్చీ క్లాసు దొరది. ఆడవాళ్ళ బెంచీలన్నీ బసవమ్మవి. తెర మీద మనిషి నోరు విప్పేలోపే ఆ మూలవాళ్ళు మాట అనేయాలి. తర్వాత అంటే పరువు తక్కువ. కొత్తవాడెవడైనా బసవమ్మ మాట కుర్చీ క్లాసులోంచి అంటే, ఇంటర్వెల్లో అతనికి సోడా కూడా అమ్మేవారు కాదని అక్క చెబుతుంది. ఈ మాట నా కల్పన కాదు, కావాలంటే తణుకు వెళ్ళి అడగండి.

ఇప్పుడా హాలు కల్యాణ మండపం. సినిమా ఎక్కడా దొరకదు. ఫోన్లో ఎవరో పెట్టిన నాలుగు ముక్కలున్నాయి, వాటినే ఆవిడ ఆఫీసు బస్సులో చూసేది. "సినిమాని ఒక్కద్దాన్నే చూడ్డం అంటే పెళ్ళి భోజనం పొట్లం కట్టించుకుని బస్సులో తిన్నట్టేరా. హాల్లో చూడాలి. జనంతో చూడాలి. ఒక్కసారి," అని నాతో ఎన్నిసార్లు అందో. ఆవిడకు ఇల్లుంది, హోదా ఉంది. అడిగి లేదనిపించుకున్నది ఈ ఒక్కటే.

లేదన్న పెద్దమనిషి సుందరరామయ్య గారు. మా 'యమునా తెలుగు మిత్రబృందం' అధ్యక్షులు, పెద్ద హోదాలో రిటైరైన మనిషి. బృందం ఏటా ఒక ఆదివారం హాల్లో ఒక సినిమా వేస్తుంది. సినిమాను ఎంచేది ఆయనే. ఆయన సినిమాల్లో ఒక ముసలాయన కిటికీలోంచి వాన చూస్తుంటాడు, వాన తగ్గేసరికి శుభం. ప్రొజెక్టరు నడుపుతూ నేను పోయినంత నిద్ర జియా సరాయ్ మొత్తంలో ఎవరూ పోలేదు.

ఏటా అక్క అడిగేది, ఏటా ఆయన అదే జవాబు చెప్పేవాడు. "సుభద్ర గారూ, మన బృందానికో స్థాయి ఉంది. చుట్టూ ఉత్తరాది వాళ్ళుంటారు. మన సినిమా అంటే ఇదా అనుకోరూ?"

"వాళ్ళు మనవి మన కంటే ఎక్కువ చూస్తున్నారండీ. మా వాచ్‌మన్ భయ్యాని అడగండి."

ఈ ఏడు సినిమా తెమ్మని ఆయన పిలిచిన దర్శకుడెవరో ఆఖరి నిమిషంలో రానన్నాడు. ఆదివారం ఖాళీ పడింది. అక్క కమిటీ సమావేశానికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ లేచేలా లేదని ఆయనకు అర్థమైంది.

"సరే. ఈలలు వద్దు, కాగితాలు వద్దు, కొబ్బరికాయలు అసలే వద్దు. ఒక్క మాట. ఆట మధ్యలో ఆగిందంటే ఆ సినిమా పేరు మళ్ళీ ఈ హాల్లో ఎత్తకూడదు. ఎప్పటికీ."

"ఠీక్ హై," అంది అక్క.

బయటికొచ్చి నా భుజం పట్టుకుంది. "ఒరేయ్ ప్రకాశం, బొమ్మ నువ్వే తేవాలి."

"ఫికర్ చెయ్యకక్కా. పాతాళంల ఉన్నా పట్టుకొస్త."

పట్టుకొచ్చాను. పాత డిస్కులు అమ్మే ఒకతను, వాళ్ళ తాతగారి పెట్టె అడుగున ఉందంటూ ఇచ్చాడు. దాని కోసం యమున ఈదానని అందరికీ చెప్పాను గాని, నిజానికి రెండు బస్సులు మారానంతే. అట్ట మీద తెలుగు అక్షరాల్లో పేరుంది. పెట్టి చూస్తే పేర్లూ తెలుగులోనే పడ్డాయి, గుర్రం మీద మొదటి పాటా తెలుగులోనే వచ్చింది. ఇంకేం కావాలి? తీసి అక్క చేతిలో పెట్టాను.

ఆవిడ చూడనంది. "హాల్లో చూసేదాన్ని ముందే బుల్లి పెట్టెలో చూసి ఎంగిలి చెయ్యనురా. ఇషితా, నువ్వు చూసి చెప్పవే, గీతలవీ ఏవైనా ఉన్నాయేమో."

ఇషిత గదిలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. బయటికొచ్చి, "సబ్ ఠీక్ హై మమ్మీ. మస్త్ హై. పూరీ సమఝ్ మే ఆయీ," అంది.

అక్కకు కళ్ళు చెమర్చాయి. "చూశారా? నా కూతురికి ముక్క వదలకుండా అర్థమైందంట! మన రక్తం ఎక్కడికి పోద్ది?" అని భర్తకు చెప్పింది, కింద ఫ్లాటులో అరవావిడకు చెప్పింది, నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను కూడా మెచ్చుకున్నాను.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. గుర్‌గావ్ నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్ళు కార్లేసుకొచ్చారు. సరోజినీ నగర్ క్వార్టర్ల ఆంటీలు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. జియా సరాయ్ కుర్రాళ్ళను నేను తోలుకొచ్చాను, సమోసాలుంటాయని ఆశపెట్టి. ప్రతి కుర్చీలోనూ సుందరరామయ్య గారి ఫొటో, సందేశం అచ్చువేసిన కార్యక్రమ పత్రిక పెట్టి ఉంది. అక్క ముందు వరసలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది గాని వేళ్ళు ఊరికే ఉండడం లేదు.

దీపాలు తీశాను. పేర్లు పడ్డాయి. గుర్రం పాట వచ్చింది. గోదావరి జిల్లాల వాళ్ళు కొందరు గొంతు కలిపారు కూడా. పాటయ్యాక గుర్రం పోయింది. దొర మిట్ట దిగి ఊళ్ళోకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. తెర కంటే ముందు అక్క గొంతు లేచింది.

"ఈ ఊళ్ళో దుమ్ము చూస్తే నా గుర్రం తొక్కిన దుమ్ములానే ఉందే!"

ఆ తర్వాత దొర నోరు విప్పాడు.

"భాయిసాబ్, ఆప్ మే సే కిసీ నే మేరా ఘోడా దేఖా హై క్యా?"

నా గుర్రాన్ని ఎవరైనా చూశారా అని, అచ్చమైన హిందీలో. తెర మీద ఎక్కడా గుర్రం లేదు గాని, ఎక్కడి నుంచో ఒక సకిలింపు మాత్రం వినిపించింది. పేర్లనూ పాటనూ అలాగే వదిలేసి మాటల్ని హిందీలోకి మార్చినవాళ్ళెవరో జాలిపడి కలిపి ఉంటారు.

అక్క వెనక్కి తిరిగి చూసింది. ముందు నన్ను, తర్వాత కూతుర్ని.

"ఇషితా! ఇది హిందీ కదే!"

"హా... తో?" ఇషిత బిక్కమొహం వేసింది. "సమఝ్ మే ఆ రహీ థీ మమ్మీ, తో ముఝే లగా తెలుగు హీ హోగీ!"

అర్థమవుతోంది గనుక తెలుగే అనుకుందట. వెనక వరసల్లో నవ్వు పేలింది. నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకెక్కడిది? అక్క ముఖం చూస్తే, బస్సు వెళ్ళిపోయాక స్టాపులోనే మిగిలిపోయిన మనిషిలా ఉంది.

సుందరరామయ్య గారు లేచి చేతులు చరిచారు. "ఆపవయ్యా ప్రకాష్. అయిపోయింది. దీపాలెయ్యి."

నా వేలు మీట మీదికి వెళ్ళింది. అది నొక్కితే ఆట ఆగినట్టే. ఆగితే ఆ సినిమా పేరు ఈ హాల్లో మళ్ళీ వినపడదు.

"ప్రకాశం!" అక్క అరిచింది. "బొమ్మ ఆపావంటే చూడు! సౌండొక్కటే తీసెయ్."

తీసేశాను. తెర మీద దొర మూగగా చేతులూపుతున్నాడు. అక్క వేదిక ఎక్కి నా మైకు లాక్కుంది. వైరు పొడుగుదే, ఆవిడ కవి కాదు గనుక.

"వినండి! సినిమా మొత్తం నాకు నోటికొచ్చు. నేను ముందు అంటాను, మీరు వెనక అనండి. కిటికీల వైపోళ్ళు దొర. తలుపు వైపోళ్ళు ఊరి జనం. ఆడవాళ్ళంతా బసవమ్మ, తప్పించుకోడానికి లేదు. కోటప్ప ఎవరు?"

ఎవరూ కదల్లేదు. కోటప్ప అంటే ఊళ్ళు తగలబెట్టే గొంతు కావాలి.

మూడో వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. చిట్టిబాబు గారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"గుర్రాన్ని ఎత్తుకొచ్చింది నేనే! దమ్ముంటే నడిచి రమ్మనండ్రా వాణ్ణి!"

ఒట్టేసి చెబుతున్నాను, నా స్పీకరు తనంతట తానే రెండంగుళాలు వెనక్కి జరిగింది. అక్క వంటింట్లోంచి అనే ఆ మాటలన్నీ పెళ్ళయిన నాటి నుంచి వింటున్నాడు ఆ మహానుభావుడు. ముక్క మరిచిపోలేదు.

అక్క కూడా ఒక్క క్షణం ఆయన్నే చూసి, "మరి ఇన్నాళ్ళూ నోరెక్కడ పెట్టారండీ?" అంది మైకులోనే. అంతే, హాలు అందుకుంది. కుర్రాళ్ళు దొరకు నలభై గొంతులయ్యారు. మాట తప్పినప్పుడల్లా అక్క "కాదెహె!" అని సరిదిద్దేది. తమాషా ఏమిటంటే ఒక దశలో తప్పులకు కూడా చప్పట్లు పడ్డాయి. ఇషిత రెండు టిఫిన్ మూతలు పట్టుకొని వేదిక అంచున కూర్చుని, దొర నడిచినప్పుడల్లా టక్ టక్ మని కొట్టడం మొదలుపెట్టింది. సినిమా నిండా నడకే గనుక ఆ పిల్లకు క్షణం తీరిక లేదు.

సుందరరామయ్య గారు నేరుగా నా దగ్గరికొచ్చారు. "ఇది ప్రదర్శన కాదు, అల్లరి. తీగ పీకు."

"సార్, ఇది జర్మనీ బల్బు. నడిమిట్ల పీకితే పేలుతది. పేలితే పక్కన పెద్దమనిషి ఎవరుంటే వాళ్ళ దిక్కే పోతది. పోయినసారి నోయిడాల గిట్లనే అయింది."

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. అక్కడి నుంచే వేదిక వైపు కేక వేశారు. "సుభద్ర గారూ! నిబంధన ప్రకారం ఆట ఆగినట్టే!"

"తెర చూడండి సార్," అక్క ఇటు తిరగనైనా తిరగలేదు. "దొర నడుస్తున్నాడు. మీరూ కాసేపు కూర్చోండి, కాళ్ళు నొప్పెడతాయి."

ఆయన ఇద్దరు కమిటీ సభ్యులను వెంటబెట్టుకొని బయటికి నడిచారు. ఇంటర్వెల్లో ఆ ఇద్దరూ సమోసాల కోసం లోపలికొచ్చారు. మళ్ళీ బయటికి పోలేదు. ఒకాయనైతే ఊరి జనంలో చేరి "అయ్యో దొరా!" అనడానికి బాగా అలవాటుపడ్డాడు.

ఆఖరి సీను వచ్చింది. ముఠా అంతా బంతిలో కూర్చుంది. కోటప్ప కొరడా ఝాడించి అన్నం తెమ్మన్నాడు. చిట్టిబాబు గారు భార్యకు ఎదురుగా నిలబడి, "వడ్డించవే! ఎవరి తిండి తింటున్నావో మరిచావా?" అని గర్జించారు.

బసవమ్మ గరిటె పట్టుకొని తెర నిండా వచ్చింది. అక్క నోరు తెరిచింది, మాట రాలేదు. అప్పుడు హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కటే గొంతులా లేచింది. ఫోన్లో ఉన్న ఆ నాలుగు ముక్కల్లో ఈ ముక్క ఉంది మరి, అక్క అందరికీ ఎన్నిసార్లు పంపిందో.

"వండేదాన్ని నేను, వడ్డించేదాన్ని నేను, విస్తరి ఎత్తేదాన్నీ నేనే. నీ ఆకు ఎత్తేశాను, లే కోటప్పా!"

క్వార్టర్ల ఆంటీలు కుర్చీలెక్కి అన్నారు ఆ మాట. ఏదో ఆఫీసులో ఎవరినో తలుచుకుని అన్నట్టు అన్నారు. కాగితాలు వద్దన్నారు గనుక ఎవరూ తెచ్చుకోలేదు. మరి కార్యక్రమ పత్రికలు ఎందుకున్నాయి? అధ్యక్షుల వారి సందేశం వెయ్యి ముక్కలై గాల్లోకి లేచింది. ఆయన కళ్ళజోడు ఒకచోట, మీసం ఒకచోట పడ్డాయి. ఫొటోలోవే లెండి. అక్క మైకు నా మీదికి విసిరేసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టింది. ఆ ఈలకు ఎయిర్‌పోర్టులో దిగబోయిన విమానం ఇంకో చుట్టు తిరిగి దిగిందని నేను అంటాను. మీరు కాదనలేరు, మీరక్కడ లేరు.

జనం కదిలాక సుందరరామయ్య గారు గేటు దగ్గర ఎదురు నిలిచారు. "ఈ సినిమా ఇంక ఈ హాల్లో పడదు. మీ సభ్యత్వం సంగతీ కమిటీ ఆలోచిస్తుంది."

అక్క జుట్టులోంచి కాగితం ముక్క తీసి చూసి పక్కన పడేసింది. "ఆలోచించండి. నన్ను తీసేస్తే ఓ మాట చెప్పండి సార్. మిగతావోళ్ళని నేనే తీసుకుపోతాను."

వెనక నిలబడ్డ కమిటీ సభ్యులిద్దరూ ఆయన వంక కాకుండా అక్క వంక చూస్తున్నారు. ఆయన కారెక్కారు.

"ఒరేయ్, నీ తెర ఎంత పొడుగు?" అక్క నన్ను అడిగింది.

"కుతుబ్ మినార్‌కు చొక్కా కుట్టొచ్చక్కా."

"అచ్ఛా. మా సొసైటీ పార్కులో రెండు దీపస్తంభాల మధ్య సరిపోద్దా?"

"సొసైటీ వాలే మనా కరేంగే, మమ్మీ," అంది ఇషిత, సొసైటీవాళ్ళు ఒప్పుకోరని.

"కర్నే దో, వద్దననీ," అంది అక్క, కారు తాళాలు వెతుక్కుంటూ.

పై ఆదివారమే పార్కులో తెర కట్టాం. సొసైటీ కార్యదర్శి పంజాబీ ఆయన, గొడవ పెట్టడానికే కిందికొచ్చాడు. అక్క ఆయన్ను ఊరి జనంలో నిలబెట్టి "అయ్యో దొరా" నేర్పించింది. పార్కులో బిగ్గరగా మాట్లాడరాదని రాసిన బోర్డొకటి గడ్డి మీద ఉంది. తెర ఎక్కడ కట్టాలని నేను అడిగితే, అక్క వేలెత్తి సరిగ్గా దాని ముందే చూపించింది.